‘ధర్మసంకటం’లో ఇరుక్కునేది ఎవరు?

గుంటూరు బ్రాడీపేటలో మా అన్నయ్య వాళ్ళింట్లో మొన్న ఆదివారం మొదలైన మాట ఇది. అన్నయ్య కొడుకు ‘మాస్ ఎఫెక్ట్ 2’ అనే వీడియో గేమ్ ఆడుతున్నాడు. 2010లో వచ్చిన అంతరిక్ష కథ, షెపర్డ్ అనే కమాండర్ మనమే అయి ఆడాలి. ఒకచోట కంట్రోలర్ పక్కన పెట్టేసి, "బాబాయ్, డైలెమాకి తెలుగులో ఏమంటాం?" అన్నాడు.

సంగతి చెప్పించుకున్నాను. గెత్ అనేది ఆలోచించగల యంత్రాల జాతి. వాటిలో ఒక వర్గం విడిపోయి శత్రువుల పక్షాన చేరింది. మిగతా గెత్‌ల ఆలోచనను మార్చేసే వైరస్ ఒకటి సిద్ధం చేసుకుంది. ఇప్పుడా వైరస్ మన చేతికి చిక్కింది. దాన్ని తిప్పి వాళ్ళ మీదే వదిలి, మనసు మార్చి బతికించాలా? లేక స్థావరంతో పాటు అందరినీ పేల్చేయాలా? మన వెంట ఉన్న లీజియన్ కూడా గెత్తే. ఒకే శరీరంలో 1,183 ప్రోగ్రాములు. వాటిలో వాటికే ఏకాభిప్రాయం కుదరక, నిర్ణయం షెపర్డ్‌కే వదిలేస్తుంది.

నేను ముందు ‘సందిగ్ధం’ అన్నాను. "అర్థం కాకపోవడం కాదు బాబాయ్, రెండూ బాగానే అర్థమయ్యాయి" అన్నాడు. నిజమే. పూత పూసినట్టు కప్పబడి, స్పష్టంగా కనిపించనిది సందిగ్ధం. ఇక్కడ ఏదీ కప్పి లేదు. ‘ముందు నుయ్యి వెనుక గొయ్యి’, ‘అడకత్తెరలో పోకచెక్క’ కూడా కుదరలేదు. ఆ రెంటిలోనూ దెబ్బ తగిలేది మనకే. ఇక్కడ వీడు ఏది నొక్కినా వీడికేమీ కాదు.

చివరికి ‘ధర్మసంకటం’ దగ్గర ఆగాను. సంకటమంటే ఇరుకు. ‘పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం’ అంటాం కదా, అందులో ఇరుకున పడింది ప్రాణం. ఆ లెక్కన ధర్మసంకటంలో ఇరుక్కునేది మనిషి కాదు, ధర్మమే. రెండు ధర్మాలు పట్టేంత చోటు అక్కడ లేదు. మీరేమంటారు?

జవాబు (విజయవాడ, సత్యనారాయణపురం నుంచి):
బాగుంది కానీ, ‘కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం’ ఎందుకు వదిలేశారండీ? ఆ మాట చెప్పేవాడు కప్పా కాదు, పామూ కాదు. తీర్పు చెప్పమని మధ్యలో నిలబెట్టిన మూడోవాడు. మీ అబ్బాయి పరిస్థితి అచ్చంగా అదే.

నా జవాబు:
ఆ మూడోవాడి సంగతి నాకు తట్టలేదండీ, చాలా మంచి మాట అందించారు. అయినా ఆ సామెతలో భయం కోపం గురించి. ఇక్కడ కోప్పడేవాళ్ళెవరూ లేరు. మనసు మార్చేస్తే తమకు అన్యాయం జరిగిందన్న సంగతే వాళ్ళకు తెలియదు. వాడిని అంతసేపు కూర్చోబెట్టింది అదే.

జవాబు (తెనాలి నుంచి):
కర్ణపర్వంలో అర్జునుడి కథ చూడండి. గాండీవం ఇంకొకరికి ఇచ్చేయమన్నవాణ్ణి చంపుతానని ఆయన శపథం. ఆ మాట అన్నదేమో సొంత అన్న ధర్మరాజు. ఒకపక్క సత్యం, ఒకపక్క అన్న ప్రాణం. పెద్దవాణ్ణి అవమానించడం చంపడంతో సమానమని చెప్పి కృష్ణుడు దారి చూపిస్తాడు. ఇంకో మాట. ‘నిర్ణయం’లో ఉన్న ‘నీ’ ధాతువుకు నడిపించడమని అర్థం. ఇరుకులోంచి బయటికి నడిపించేది నిర్ణయం అనుకుంటే, మీ ‘సంకటం’తో జత కుదురుతుంది.

నా జవాబు:
జత కుదిరింది మాస్టారూ. కాకపోతే అర్జునుడికి పక్కన కృష్ణుడున్నాడు. వీడి పక్కనున్న లీజియనే తేల్చుకోలేక వీడికి వదిలేసింది.

జవాబు (విజయవాడ, పటమట నుంచి):
ఎంతైనా ఆట కదండీ. పిల్లికి చెలగాటమే కదా?

నా జవాబు:
నేనూ మొదట అలాగే అనుకున్నానమ్మా. కానీ అన్నం చల్లారిపోతోందని వాళ్ళమ్మ రెండుసార్లు పిలిచినా వాడు లేవలేదు. ఆఖరికి పేల్చేశాడు. "మనసు మార్చాక మిగిలేది వాళ్ళు కాదు బాబాయ్" అన్నాడు. సేవ్ చేసిన చోటు నుంచి మళ్ళీ ఆడి, రెండోది కూడా చూడమన్నాను. వద్దన్నాడు.