ఇంటర్‌లాక్‌లో పొద్దున్నే ఫెయిల్, పది నిమిషాలకే సున్నా: ఏం చూపించాలి?

కాలిఫోర్నియాలో ఉంటాను. డీయూఐ (తాగి కారు నడిపిన) కేసు తర్వాత కారుకి ఇగ్నిషన్ ఇంటర్‌లాక్ పెట్టించుకున్నాను, అంటే ఊదినప్పుడు ఆల్కహాల్ కనబడితే కారు స్టార్ట్ కానివ్వని పరికరం. ఇది మూడో నెల. తప్పు నాదే, దాని గురించి వాదన లేదు. ఆ రోజు నుంచి మందు ముట్టలేదు.

గత రెండు వారాల్లో మూడుసార్లు, మూడూ పొద్దున 7:40 ప్రాంతంలో, ఊదగానే ఫెయిల్ వచ్చింది. మొదటిసారి ఆల్కహాల్ రీడింగ్ 0.034. కారు స్టార్ట్ కాలేదు. పది నిమిషాలు ఆగి ఊదితే 0.000. నిజంగా తాగి ఉంటే అంత త్వరగా దిగదు కదా!

మొదట మౌత్‌వాష్ మీద అనుమానపడి మానేశాను. అయినా ఇంకో రెండుసార్లు వచ్చింది. ఆ రెండు రోజులూ ఉల్లిపాయ నంజుకుని చద్దన్నం తిని నేరుగా కారెక్కాను. (మా ఆవిడ నవ్వు ఇంకా ఆగలేదు.) ఇప్పుడు తిన్నాక నీళ్లతో పుక్కిలించి 15 నిమిషాలు ఆగి ఊదుతున్నాను, నాలుగు రోజులుగా పాస్. చేతులకి శానిటైజర్ కూడా కారు బయటే రాసుకుంటున్నాను.

టెన్షన్ అంతా పాత మూడు ఫెయిల్స్ గురించే. 60 రోజులకోసారి చేయించే కాలిబ్రేషన్ (పరికరం సరిగ్గా కొలుస్తోందో లేదో చూసి సరిచేయడం) వచ్చే మంగళవారం ఉంది, అప్పుడు పరికరంలో నమోదైన లాగ్ మొత్తం తీసుకుంటారు. పరికరం పెట్టిన సర్వీస్ సెంటర్‌కి రెండుసార్లు ఫోన్ చేస్తే "రిపోర్టులో ఉన్నది ఉన్నట్టే వెళ్తుంది" అన్నారు, అంతే. తేదీలు, టైములు, స్క్రీన్ ఫోటోలు నా దగ్గర ఉన్నాయి.

కాలిఫోర్నియాలో ఇలా నోట్లో మిగిలిన ఆల్కహాల్ వల్ల ఫెయిల్ అయినవాళ్లు, అది తాగడం వల్ల కాదని చూపించడానికి ఏ కాగితాలు ఎవరికి ఇచ్చారు?