ఏ జబ్బూ తేని వైరస్, వేల కోట్ల కంపెనీ: సాముల్‌స్కీ చేసింది సబబేనా?

గట్టుమీద_గిరి
జూడ్ సాముల్‌స్కీ అనే అమెరికా సైంటిస్టు గురించి నిన్న చదివినప్పటి నుంచి ఒకటే ఆలోచన. ఫ్లోరిడా యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తూ 1982లో ఏఏవీ అనే వైరస్‌ని క్లోన్ చేసిన బృందంలో ఆయన ముఖ్యుడు. 1965లో బయటపడిన ఈ వైరస్ మనుషులకు ఏ జబ్బూ తేదు. దాని సొంత జన్యువులు తీసేసి మంచి జన్యువు పెడితే, కండరంలోకి మోసుకెళ్లే బండి అవుతుంది. 1993లో నార్త్ కరోలినా యూనివర్సిటీకి వెళ్లి జీన్ థెరపీ సెంటర్ నడిపారు. 2001లో ఆస్క్‌బయో కంపెనీ పెట్టారు. 2020లో బేయర్ అనే పెద్ద మందుల కంపెనీ దాన్ని కొంది: ముందుగా 200 కోట్ల డాలర్లు, అనుకున్న పనులు జరిగితే ఇంకో 200 కోట్లు. జనం పన్నులతో నడిచిన పరిశోధన కంపెనీ సొత్తు కావడం నా లెక్కలో తప్పే. మీరేమంటారు?

ల్యాబ్‌కోటు
గిరి గారూ, కంపెనీ లేకపోతే మందు సీసాలోకి ఎలా వస్తుంది? ఈ వైరస్‌లో సుమారు 4,700 అక్షరాల డీఎన్‌ఏకే చోటుంది. కండరాలు మెల్లగా క్షీణించిపోయే డ్యూషెన్ జబ్బులో పాడయ్యే డిస్ట్రోఫిన్ జన్యువుకి 79 ముక్కలు. అనవసరమైనదంతా తీసేసినా 11,000 అక్షరాలు మిగులుతాయి. బీరువాని ఆటోలో ఎక్కించమన్నట్టే. అయితే 1990లో ఒక రిపోర్టు వచ్చింది. జన్యువులో 46 శాతం లేకపోయినా ఒకాయన 61 ఏళ్లకీ నడుస్తున్నాడు! అంటే కుదించినా పని చేస్తుందన్నమాట. అలా షియావో షియావో అనే సైంటిస్టు కుదించిన జన్యువు, మినీ డిస్ట్రోఫిన్ తయారు చేశారు. దాన్ని ఏఏవీలో పెట్టి 2006లో అమెరికాలోని ఒహాయో కొలంబస్‌లో పిల్లల చేతి కండరంలోకి ఎక్కించారు. ఇక్కడిదాకా ల్యాబ్ పని. ఆ తర్వాత పిల్లాడి ఒంటికంతా చేరాలంటే కిలో బరువుకి కోటి కోట్ల వైరస్ రేణువులు కావాలి. గ్రాంటు డబ్బుతో అంత తయారవుతుందా?

గట్టుమీద_గిరి
ఆ పిల్లలేమయ్యారో చెప్పకుండా దాటేశారు. 2010లో వచ్చిన ఫలితం చదివాను. ఆరుగురిలో కొత్త డిస్ట్రోఫిన్ దాదాపు కనబడలేదు. దాని మీదికి ఒంట్లోని టీ కణాలే (రోగాలతో పోరాడే రక్షణ కణాలు) తిరగబడ్డాయి, ఇద్దరిలో అయితే మందు ఎక్కించక ముందే ఉన్నాయి. ఇది తెలిశాక కూడా పదేళ్లకి అన్ని కోట్లా?

సీతమ్మధార_పిల్ల
మందు ధర సంగతి కోర్టులూ తేలుస్తున్నాయండీ. ఎస్ఎంఏ అని పిల్లల్లో కండరాలు బలహీనపడే ఇంకో జన్యు జబ్బుకి వాడే రిస్డిప్లామ్ కేసులో, నాట్కోని ఆపమన్న రోష్ కంపెనీ మాట 2025లో ఢిల్లీ హైకోర్టు కాదంది. హైదరాబాద్ నాట్కో సీసా 15,900కి తెచ్చింది. అంతకు ముందు ఆరు లక్షల పైమాటే. కానీ అది తాగే మందు, వైరస్ కాదు. మన టీవీల్లో ‘16 కోట్ల ఇంజెక్షన్’ అని చందాలు అడిగేది వేరే, అది ఏఏవీ.

పిల్లాడి_నాన్న
మావాడికి పదకొండేళ్లు, డ్యూషెన్. మూడేళ్లప్పుడు నేల మీంచి లేవాలంటే మోకాళ్ల మీద చేతులు ఆనించి, తన తొడలే మెట్లన్నట్టు పైకి పాకేవాడు. పిక్కలు లావుగా ఉంటే బలమనుకుని మురిసిపోయాం. రక్త పరీక్షలో ఎస్‌జీపీటీ ఎక్కువుందని ఒక డాక్టరు ఏడాది లివర్ టానిక్ తాగించాడు. అది కండరంలోంచీ వస్తుందని మాకేం తెలుసు? సీపీకే అనే కండరాల రక్త పరీక్ష చేయించాక గాని అసలు విషయం తెలియలేదు.

ఆయన సంపాదించుకుంటే నాకు ఏడుపు లేదు. నా గొడవ వేరే. మినీ డిస్ట్రోఫిన్ పని ఆయన కూడా కలిసి పెట్టిన బాంబూ అనే కంపెనీకి వెళ్లింది, 2016లో ఫైజర్ దాన్ని కొంది. 2021లో ట్రయల్‌లో ఒక అబ్బాయి పోయాడు. 2024లో మూడో దశ ట్రయల్ ఫెయిలైంది. ఈ మందు ఒక్కసారే. ఎక్కించాక ఒంట్లో ఆ వైరస్ మీద యాంటీబాడీలు పుడతాయి, ఇప్పటి పద్ధతుల్లో రెండోసారి కుదరదు. అంటే ఆ ట్రయల్‌లో ఎక్కించుకున్న పిల్లలకి రేపు ఇంతకన్నా మంచి ఏఏవీ మందు వచ్చినా దారి మూసుకున్నట్టే. కంపెనీ చేతులు మారిన ప్రతిసారీ ఆ పిల్లల్ని పెద్దయ్యేదాకా చూసే ఖర్చు కూడా కాగితంలో ఉండాలి. లాభం ఎవరు తింటే ఏం?

ల్యాబ్‌కోటు
అన్నా, ఆ కోణం నాకు తట్టలేదు. ట్రయల్ తర్వాత కొన్నేళ్లు ఫాలో-అప్ ఉంటుంది గానీ, మీరడిగేది అంతకన్నా చాలా ఎక్కువ.

గట్టుమీద_గిరి
అయితే నేనడిగిన ప్రశ్నే తప్పంటారా?

పిల్లాడి_నాన్న
తప్పనలేదు గిరి గారూ. నా ప్రశ్న ముందు, మీది తర్వాత అంటున్నా. ఫిజియో అతను గుమ్మంలో నిలబడ్డాడు, రాత్రికి రాస్తా.