అద్దె రాబడి కోసం మొదటి ఆస్తి: నిజాంపేటలో పాత ఫ్లాటా, ప్రీలాంచా?

కూకట్‌పల్లి వాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేనూ నా భార్యా హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగాలు చేస్తున్నాము. ఇద్దరి జీతాలు కలిపి నెలకు 1,35,000 రూపాయలు చేతికి వస్తాయి. ఎనిమిదేళ్లుగా కూడబెట్టిన 24 లక్షలు బ్యాంకు డిపాజిట్లలో ఉన్నాయి. మేము అద్దె ఇంట్లోనే ఉంటున్నాము. ఉద్యోగాలు ఎటు మారతాయో తెలియదు కనుక, మేము ఉండటానికి కాకుండా అద్దె రాబడి కోసమే ఒక ఆస్తి కొనాలని అనుకుంటున్నాము.

ప్రస్తుతం రెండు బేరాలు మా ముందు ఉన్నాయి. మొదటిది నిజాంపేటలో పన్నెండేళ్ల క్రితం కట్టిన 1,100 చదరపు అడుగుల రెండు పడకగదుల ఫ్లాటు. యజమాని 58 లక్షలు అడుగుతున్నారు, అందులో ఉన్నవారు 19,000 అద్దె కడుతున్నారు. రెండవది సంగారెడ్డి దారిలో ఒక ప్రీలాంచ్, అంటే అనుమతులు రాకముందే అమ్మకానికి పెట్టిన ప్రాజెక్టు. మొత్తం డబ్బు ఇప్పుడే కడితే చదరపు అడుగు 3,600కే ఇస్తామనీ, నాలుగేళ్లలో ఫ్లాటు అప్పగిస్తామనీ, అప్పటివరకు నెలనెలా అద్దె లెక్కన కొంత సొమ్ము ఇస్తామనీ చెబుతున్నారు. హన్మకొండలో నాన్నగారి పేరున 200 గజాల్లో కింది అంతస్తు ఇల్లు తప్ప మాకు వేరే ఆస్తి లేదు. ఈ రెండింటిలో దేనితో మొదలుపెట్టడం మంచిదో, లెక్క ఎలా వేసుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

రెండు ఫ్లాట్ల యజమాని

పద్నాలుగేళ్లుగా రెండు పాత ఫ్లాట్లు అద్దెకిస్తున్నవాడిగా చెబుతున్నాను. ముందుగా నిజాంపేట ఫ్లాటు లెక్క చూడండి. 58 లక్షల మీద స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషను రుసుము కలిపి 7.5 శాతం, అంటే 4,35,000 అవుతుంది. రంగులు, కుళాయిలు, బాత్రూము మరమ్మతులు కలుపుకుంటే మొత్తం 64 లక్షలకు చేరుతుంది. ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉంటుందనుకుని పదకొండు నెలల అద్దె 2,09,000 మాత్రమే లెక్కలోకి తీసుకోండి. దానిలోంచి ఆస్తి పన్ను, ఖాళీ నెల మెయింటెనెన్సు, మరమ్మతులు, అప్పుడప్పుడు బ్రోకరుకిచ్చే సొమ్ము తీసేస్తే 1,80,000 మిగులుతుంది. 64 లక్షల మీద అది ఏడాదికి 2.8 శాతం. మీ డిపాజిట్టు మీద బ్యాంకు ఇంతకంటే ఎక్కువే ఇస్తోంది.

ఇక అప్పు సంగతి. ఇల్లు విలువలో 80 శాతం వరకు అప్పు దొరకవచ్చు గానీ రిజిస్ట్రేషను ఖర్చు మీరే పెట్టుకోవాలి. 40 లక్షలు 8.5 శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు తీసుకుంటే నెల వాయిదా 34,700 దాటుతుంది. మీ 24 లక్షలు పైసా మిగలకుండా ఇందులోకే పోతాయి. అన్ని ఖర్చులు పోను నెలకు సగటున మిగిలే 15,000 అద్దెకు తోడు, జీతంలోంచి మరో 19,700 ప్రతి నెలా కలపాలి. మొదటి ఏడాది మీరు కట్టే 4,16,000లో అసలు కింద జమయ్యేది 80,000 లోపే, మిగతాదంతా వడ్డీ.

వడ్డీకి పన్ను మినహాయింపు ఉంటుందని బ్రోకర్లు చెబుతారు. అద్దెలోంచి ఆస్తి పన్ను, మిగిలినదానిలో 30 శాతం, ఆపైన వడ్డీ తీసివేసుకోవచ్చన్నది నిజమే. కాని కొత్త పన్ను విధానంలో ఉన్నవారు ఈ లెక్కలో వచ్చిన నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోలేరు. పాత విధానంలో ఆ వీలు ఏడాదికి 2 లక్షల వరకే.

నా ఫ్లాట్ల ధర పెరిగింది, ఆ సంగతి దాచను. అయితే ఆ పెరుగుదల మీద ఆశపెట్టుకుని కొన్న మొదటి రెండేళ్లలో, ఒకసారి నాలుగు నెలలు ఫ్లాటు ఖాళీగా ఉండి, అదే సమయంలో లిఫ్టు మార్చడానికి సొసైటీ అదనంగా డబ్బు అడిగినప్పుడు, నా భార్య గాజులు కుదువపెట్టాల్సి వచ్చింది. ఆరు నెలల వాయిదాలకు సరిపడా డబ్బు విడిగా ఉంచుకోలేని స్థితిలో ఎవరూ ఈ పనికి దిగకూడదని అప్పటినుంచి గట్టిగా చెబుతున్నాను.

దస్తావేజులు చూసే మనిషి

ప్రీలాంచ్ గురించి మాత్రమే చెబుతాను, ఎందుకంటే అందులో మీ డబ్బంతా పోయే ప్రమాదం ఉంది. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం స్థలం 500 చదరపు మీటర్లు గానీ, ఫ్లాట్లు ఎనిమిది గానీ దాటిన ప్రాజెక్టును రిజిస్టరు చేయించకుండా ప్రకటించడానికీ అమ్మడానికీ వీల్లేదు. రిజిస్టరు అయిన ప్రాజెక్టులోనైనా అమ్మకపు ఒప్పందాన్ని రిజిస్టరు చేయకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. కొన్నవారి దగ్గర వసూలు చేసిన సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే ప్రత్యేక ఖాతాలో ఉండాలి. మొత్తం డబ్బు ముందే కట్టమంటున్నారంటే ఈ రక్షణలేవీ మీకు ఉండవు. అవిభాజ్య వాటా (హద్దులు విడదీయని ఉమ్మడి వాటా) పేరుతో కొంత భూమి రాసిస్తామంటారు. అనుమతి లేని భవనంలో ఆ వాటాతో ఏ గదీ మీది కాదు. నెలనెలా ఇస్తామంటున్న అద్దె కూడా, భవనమే లేనప్పుడు, మీ డబ్బులోంచి మీకే తిరిగి ఇచ్చేది కాక మరెక్కడిది?

నిజాంపేట ఫ్లాటు తీసుకునేటట్లయితే ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), ఆమోదం పొందిన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు (నివాసానికి అనుమతి పత్రం) చూపించమని అడగండి. ఆ అంతస్తు ప్లానులో ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి. స్థలం సర్వే నంబరు 22ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషను చేయకూడని ఆస్తుల జాబితాలో) ఉందా, చెరువు ఎఫ్‌టీఎల్ (నిండుగా ఉన్నప్పుడు నీరు నిలిచే మేర), దాని చుట్టూ వదలాల్సిన బఫర్ హద్దుల్లో పడుతుందా అన్నది తప్పనిసరిగా తేల్చుకోండి. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడిన తరువాత చెరువు హద్దుల్లోని కట్టడాల మీద బుల్డోజర్లు నడవడం మనమంతా చూశాము.

సైట్ ఇంజినీరు

మీ ప్రశ్నలో మీరు ఒక వాక్యంలో దాటేసిన హన్మకొండ ఇంటి దగ్గరే నాకు దారి కనిపిస్తోంది. ధర పెరిగేది భూమికి, అద్దె వచ్చేది కట్టడానికి. ఫ్లాటు కొన్నప్పుడు ఈ రెండింటికీ, పైగా బిల్డరు లాభానికీ, రిజిస్ట్రేషనుకూ డబ్బు పెడతారు. అందుకే అద్దె శాతం అంత చిన్నదిగా తేలుతుంది. భూమి ఇప్పటికే ఉన్నచోట పై అంతస్తు వేస్తే కట్టడానికి మాత్రమే ఖర్చవుతుంది. వెయ్యి చదరపు అడుగులకు, అడుగుకు 2,000 చొప్పున, 20 లక్షలు అనుకుందాం. నెలకు 10,000 అద్దె వచ్చినా పదకొండు నెలలకు 1,10,000, అంటే 5.5 శాతం. రెండు చిన్న పోర్షన్లుగా విడదీస్తే, ఒకటి ఖాళీ అయినా రెండవదాని అద్దె ఆగదు.

అయితే పునాదులు, పిల్లర్లు మరో అంతస్తును మోయగలవో లేదో స్ట్రక్చరల్ ఇంజినీరు చూసి చెప్పేదాకా ఒక్క ఇటుక కూడా కొనవద్దు. పాతికేళ్ల కిందట గోడల మీద కట్టిన ఇల్లయితే ఈ ఆలోచన అక్కడితో మానుకోండి. అనుమతికి కూడా దరఖాస్తు చేయండి. పాత ఇంటికి సెట్‌బ్యాకులు (చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలం) వదలకపోయి ఉంటే ఇబ్బంది అక్కడే వస్తుంది.

రెండు ఫ్లాట్ల యజమాని

ఇంజినీరు గారి లెక్కతో ఏకీభవిస్తున్నాను, ఒక్క భయం తప్ప. ఇల్లు నాన్నగారి పేరున ఉంది, డబ్బు మీది. మీకు తోబుట్టువులు ఉంటే ఈ పని మొదలుపెట్టకముందే అందరూ కూర్చుని మాట్లాడుకోండి. స్థలం పిత్రార్జితమైతే హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తరువాత ఆడపిల్లలకూ సమాన హక్కు ఉంది. నాన్నగారి స్వార్జితమైతే ఆయన ఇష్టప్రకారం రాసివ్వవచ్చు. ఏది ఎలా ఉన్నా, పై అంతస్తు ఎవరిదో రిజిస్టరు అయిన కాగితం మీద ఉండాలి. మా బంధువుల్లో ఒక ఇంటి మేడమెట్ల విషయంలో అన్నదమ్ములు పదేళ్లుగా మాట్లాడుకోవడం లేదు.

కూకట్‌పల్లి వాసి

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ప్రీలాంచ్ వారికి రాలేనని ఈ రోజే ఫోను చేసి చెప్పాను. ఇల్లు 2009లో పిల్లర్లతో కట్టినదే, స్థలం నాన్నగారి స్వార్జితం. నాకొక చెల్లెలు ఉంది, ఖమ్మంలో ఉంటుంది. ఆమెతోనూ బావగారితోనూ ఫోనులో కాక ఎదురుగా మాట్లాడటమే మర్యాద అనిపించి, వచ్చే ఆదివారం ఇద్దరినీ హన్మకొండకు రమ్మన్నాను. నాన్నగారు ఇప్పటికే ఒక మాట అన్నారు: పైన రెండు పోర్షన్లు వేస్తే ఒక దాని అద్దె చెల్లెలికి వెళ్లాలని. 20 లక్షల మీద నా చేతికి వచ్చే శాతం అప్పుడు సగమవుతుంది. అలాంటప్పుడు కట్టడపు ఖర్చులో చెల్లెలిని కూడా భాగం పెట్టమని అడగడం సబబేనా?

దస్తావేజులు చూసే మనిషి

సబబే, కాని అడగాల్సింది మీరు కాదు, నాన్నగారు. ఆమె డబ్బు పెడితే ఒక పోర్షను ఆమె పేరున, పెట్టకపోతే కట్టిన ఖర్చు మీకు తిరిగి వచ్చేదాకా రెండు అద్దెలూ మీకు, ఆ తరువాత చెరొకటి అని నాన్నగారు రాసే సెటిల్‌మెంటు దస్తావేజులోనే (కుటుంబసభ్యులకు ఆస్తి రాసిచ్చే పత్రంలోనే) స్పష్టంగా రాయించవచ్చు. ఆదివారం వెళ్లేటప్పుడు ఇంటి అసలు దస్తావేజు, పాత ప్లాను, ఆస్తి పన్ను రసీదు బయటకు తీసి పెట్టమని నాన్నగారికి ముందే చెప్పండి.