మహీంద్రా థార్ ఇప్పుడే తీసుకోవాలా, కొత్త డిజైన్ వచ్చేదాకా ఆగాలా?

చీనీతోట_నార్పల
అందరికీ నమస్తే. నార్పల దగ్గర మాకు చీనీ తోట ఉంది. తారు రోడ్డు దిగితే తోటదాకా బండిబాటే, మధ్యలో ఒక వంక. ఎండాకాలం ఒకటే ఇసుక, వానలు పడితే నీళ్లు. ఇప్పుడున్న చిన్న కారును వంక ఇవతలే నిలిపి నడిచి పోతున్నాం. నేను పనిచేసేది బెంగళూరులో, శని ఆదివారాలు వస్తుంటా. ఇంట్లో ఇద్దరు పిల్లలు, మా అమ్మ.

మూడు డోర్ల థార్ ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలూ లాగేది) డీజిల్ అనుకుంటున్నా. అయితే 2025 ఆగస్టు 15న మహీంద్రా వాళ్లు ముంబైలో విజన్ టి అని థార్ లాంటి ఒక కాన్సెప్ట్ (నమూనా బండి) చూపించారు కదా. ఆ వరసలో బండ్లు 2027 నుంచి వస్తాయన్నారు. ఇప్పుడు కొంటే కొద్దిరోజుల్లోనే పాత మోడల్ అయిపోతుందేమోనని టెన్షన్. మా బావమరిది ఆగమంటాడు, మా నాయన ‘ఇంకెన్నాళ్లు నడవాలి’ అంటాడు. వాడుతున్నవాళ్లు చెప్పండి.

పెన్నా_ఇసుక (తాడిపత్రి)
2021 నుంచి డీజిల్ థార్ ఫోర్ బై ఫోర్ వాడుతున్నా. మీరు కొత్త డిజైన్ అంటున్నది ఏంటో ముందు తేల్చుకోండి. ఇందులో రెండు సంగతులున్నాయి.

మూడు డోర్ల థార్‌కు ఒక మార్పు 2025 అక్టోబరులోనే వచ్చేసింది. విడుదలప్పుడు ఎక్స్‌షోరూమ్ 9.99 లక్షల నుంచి మొదలైంది. పెద్ద స్క్రీన్, వెనక సీటుకు ఏసీ గాలి, తలుపు మీదికి వచ్చిన పవర్ విండో స్విచ్‌లు, క్లచ్ పక్కన ఎడమకాలు పెట్టుకునే చోటు. నా బండిలో కిటికీ స్విచ్‌లు గేర్ లివర్ దగ్గర ఉంటాయి, ఇప్పటికీ చెయ్యి తలుపు వైపే పోతుంది. అయితే 2.2 డీజిల్ ఇంజిన్, ఛాసిస్, ఫోర్ బై ఫోర్ లివర్ అన్నీ 2020లో వచ్చినవే. 2.2 డీజిల్ 130 హార్స్‌పవర్, 300 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగే బలం), నేలకు బండికి మధ్య 226 మిల్లీమీటర్లు, 650 మిల్లీమీటర్ల నీళ్లలో పోవచ్చని కంపెనీ లెక్క. మీ వంకకు కావాల్సింది అదే.

రెండోది మీరు చెప్పిన విజన్ టి. అది ఎన్‌యూ ఐక్యూ అనే కొత్త ప్లాట్‌ఫాం మీదిది. అది మోనోకాక్, అంటే బాడీ, ఫ్రేమ్ ఒకే ముక్క; థార్ లాగా లాడర్ ఫ్రేమ్ (నిచ్చెన లాంటి ఇనుప చట్రం) మీద బాడీ కూర్చోబెట్టిన బండి కాదు. రోడ్డు మీద సుఖంగా ఉంటుంది, సందేహం లేదు. దాంట్లో లో రేంజ్ గేర్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగేది) ఇస్తామని ఎవరూ మాటివ్వలేదు. బొమ్మలో టైర్లు పెద్దవిగా కనిపించాయని దాని కోసం తోట పని ఆపుకుంటే ఎట్లా? మీరు ఎదురుచూసేది మెరుగైన థార్ కోసం కాకపోవచ్చు, వేరే రకం బండి కోసం కావచ్చు.

కర్నూలోడు
ఆగడం ఎప్పుడూ తెలివితక్కువేమీ కాదు. 2025 సెప్టెంబరు 22న బండ్ల మీద జీఎస్టీ తగ్గింది. అంతకుముందు నెల కొన్నవాళ్ల మొహాలు చూశాను. మా పెదనాన్న కొడుకు ఒక్కడే నెల ఆగి నవ్వుకున్నాడు.

ఇంకో సంగతి. నాలుగు మీటర్ల లోపు ఉండి 1500 సీసీ దాటని డీజిల్ బండికి ఇప్పుడు 18 శాతమే. థార్ 1.5 డీజిల్ ఆ లెక్కలోకి వస్తుంది. అది వెనక చక్రాలు మాత్రమే లాగే బండి. 2.2 డీజిల్ ఫోర్ బై ఫోర్‌కు 40 శాతం. తేడా చిన్నది కాదు. పైగా లైఫ్ ట్యాక్స్ బండి ధర మీదే వేస్తారు. షోరూమ్‌లో ‘చూడ్డానికి రెండూ ఒకటే సార్’ అంటారు. చూడ్డానికి ఒకటే, ఇసుకలో కాదు.

పెన్నా_ఇసుక (తాడిపత్రి)
అవును, వంక దాటాలంటే 1.5 జోలికి పోవద్దు. దాంట్లో కూరుకుపోయినవాళ్లను బయటికి లాగుతుంటా.

కలివికోడి (కడప)
మారుతి సుజుకి జిమ్నీ ఓనర్ని. ఎవరూ దాని పేరెత్తలేదు, అలవాటే. 2023 జూన్‌లో ఇక్కడ విడుదలైంది, ఏ వేరియంట్ తీసుకున్నా ఫోర్ బై ఫోర్, లో రేంజ్ ఉంటాయి. బరువు సుమారు 1200 కిలోలు, థార్ దాదాపు అర టన్ను ఎక్కువ. ఇసుకలో తేడా అక్కడే తెలుస్తుంది. థార్ తవ్వుకుని దిగబడే చోట ఇది పైపైన పోతుంది. టైర్లలో గాలి 18 పీఎస్ఐ దాకా తగ్గించి పోతా, తారు రోడ్డెక్కాక మళ్లీ కొట్టుకుంటా. చిన్న కంప్రెసర్ ఒకటి డిక్కీలో ఉండాల్సిందే, ఏ బండి కొన్నా సరే.

తక్కువేంటంటే 1.5 పెట్రోల్, టార్క్ 134 మాత్రమే. చీనీకాయల క్రేట్లు నింపుకుని గట్టు ఎక్కాలంటే ఇంజిన్‌ను అరిపించాలి. సీట్లు నాలుగే, మూడు డోర్ల థార్‌కూ అంతే. మీ ఇంట్లో పెద్దవాళ్లు ముగ్గురు, పిల్లలు ఇద్దరు, అంతా కలిసి పోవాలంటే కుదరదు.

కొత్త డిజైన్ కోసం ఆగడం గురించి సుజుకి వాళ్లను చూస్తే నవ్వొస్తుంది. దీని ముందు తరం జిమ్నీ 1998లో వచ్చి 2018 దాకా నడిచింది. మన జిప్సీ 1985లో వస్తే మూడు దశాబ్దాలకు పైగా దాదాపు అదే రూపం. ఆగినవాళ్ల పిల్లలకు లైసెన్సులు వచ్చుంటాయి.

నాపరాళ్ల_రాజా (బేతంచెర్ల)
నా దగ్గర థార్ రాక్స్ డీజిల్ ఫోర్ బై ఫోర్ ఉంది. అయిదు డోర్లు. నార్పల అన్నకు పిల్లలు, అమ్మ ఉన్నారు కాబట్టి చెప్తున్నా. మూడు డోర్ల థార్‌లో వెనక్కి పోవాలంటే ముందు సీటు మడిచి ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దామెను రోజూ అట్లా ఎక్కించలేరు. ఈ ముక్క ఎవరూ చెప్పరు, ఫొటోలకు లైకులు కొడతారంతే.

రాక్స్ 2024 ఆగస్టులో విడుదలైంది. అక్టోబరు 3న బుకింగ్ తెరిస్తే మొదటి గంటలోనే 1,76,218 మంది బుక్ చేశారు. ఆ తర్వాత బండి చేతికి రావడానికి నెలల తరబడి లైను. కొత్త మోడల్ కోసం ఆగడం అంటే అదీ లెక్కేసుకోవాలి. విడుదల దాకా ఒక ఆగుడు, డెలివరీ దాకా ఇంకొకటి.

మొదట్లో రాక్స్ లోపల అంతా తెలుపే. నాపరాళ్ల గనుల దుమ్ము, అనంతపురం ఎర్రమట్టి, దాంట్లో తెల్ల సీట్లు! ఫోర్ బై ఫోర్‌కు మోకా బ్రౌన్ రంగు తర్వాత తెచ్చారు. మొదటి విడతలో తొందరపడకపోవడానికి ఇట్లాంటి కారణాలూ ఉంటాయి. అట్లాగే భారత్ ఎన్‌క్యాప్ అనే గుద్దుడు పరీక్షలో దీనికి భద్రతకు 5 స్టార్లు. మూడు డోర్లదానికి 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో 4 వచ్చాయి. పరీక్షలు వేరు కాబట్టి నేరుగా పోల్చకూడదు, తెలిసుండాలని చెప్పా. చక్రాల మధ్య దూరం 2850 మిల్లీమీటర్లు కాబట్టి ఇరుకు గట్లు, మిట్టల దగ్గర మూడు డోర్లదే మేలు. మీ వంక ఒడ్డు ఎంత నిటారుగా ఉందో కొలుచుకోండి.

నల్లరేగడి (ఆలూరు)
అందరూ ఇసుక గురించే చెప్తున్నారు. మా వైపు నల్లరేగడి. వాన పడిందంటే టైరు గాడులన్నీ మట్టితో నిండి నున్నగా అయిపోతాయి, ఇక అది ఫోర్ బై ఫోర్ అయినా ఒకటే, ఎడ్లబండి అయినా ఒకటే. ఆరేదాకా ఆగడమే. బురద టైర్లు వేయించాలని కొందరంటారు. హైవే మీద ఆ మోత బెంగళూరు దాకా వినాలి, డీజిలూ ఎక్కువ తాగుతుంది.

ఫోర్స్ కంపెనీ గూర్ఖా గురించి ఒక్క మాట. ముందు వెనక రెండింటికీ డిఫరెన్షియల్ లాక్ (ఒక చక్రం జారినా రెండోది లాగేట్టు బిగించేది), 233 మిల్లీమీటర్ల ఎత్తు, 2024లో అయిదు డోర్లది కూడా వచ్చింది. పని బండి అంటే అదే. ఆటోమేటిక్ లేదు. సర్వీస్ ఎక్కడ దొరుకుతుందో ముందే కనుక్కుని కొనండి.

షెడ్డు_సుబ్బన్న (అనంతపురం)
మెకానిక్‌ను. కొనేది ఏదైనా కానీ ఈ రెండూ గుర్తుంచుకోండి.

థార్, జిమ్నీ లాంటివాటిలో ఫోర్ బై ఫోర్ అనేది కావాలన్నప్పుడే వేసుకునేది. ఎండిన తారు రోడ్డు మీద ఫోర్ హైలో (నాలుగు చక్రాలూ లాగే మామూలు గేర్) పెట్టి తిప్పితే ముందు వెనక చక్రాలు తిరిగే వేగంలో తేడా సర్దుకునే దారి ఉండదు, గేర్లు బిగుసుకుంటాయి. స్టైల్ కోసం టౌన్లో వేసుకుని తిరిగి, ‘లివర్ రావడం లేదన్నా’ అని మా షెడ్డుకు వచ్చేవాళ్లు ఎక్కువైపోయారు. ఇసుకలో దిగేముందే వేసుకోండి, దిగబడ్డాక కాదు.

రెండోది, బీఎస్ 6 డీజిల్‌లో పొగ మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఇంటి నుంచి తోటకు, తోట నుంచి ఇంటికి చిన్న చిన్న దూరాలే తిరిగితే అది మూసుకుపోతుంది. ఈయన వారం వారం బెంగళూరు దాకా పోతాడు కాబట్టి ఇబ్బంది లేదు. నాయన ఒక్కడే ఊళ్లో తిప్పేట్టయితే పెట్రోల్ ఆలోచించండి.

సెకండ్ హ్యాండ్ 2020 ముందు థార్ చవకగా వస్తోందని ఎవరైనా చూపిస్తే, కింద పడుకుని ఛాసిస్‌కు తుప్పుందేమో చూడండి. పైన పెయింటు కొత్తదే ఉంటుంది.

చీనీతోట_నార్పల
అందరికీ థాంక్సన్నా. మా అమ్మ సంగతి నేను ఆలోచించనే లేదు. రాక్స్ ఫోర్ బై ఫోర్ బడ్జెట్ దాటుతుంది, కాకపోతే లోన్ కొంచెం పెంచితే... విజన్ టి మాట మాత్రం మా బావమరిదికి చెప్పేశా, లాడర్ ఫ్రేమ్ కాదంటే నోరు మూశాడు. ఒక డౌట్. మా బంధువులు కడప వైపు ఉన్నారు, అడవి దారుల్లో తిప్పుదామని పిల్లలు అడుగుతున్నారు. పోనిస్తారా?

కలివికోడి (కడప)
లంకమల అభయారణ్యంలోకి బండి వేసుకుని పోవడం కుదరదు, బాట దిగి తొక్కేది అసలే వద్దు. నేను పేరు పెట్టుకున్న పిట్ట 1986లో మళ్లీ కనబడింది ఆ చిట్టడవుల్లోనే. పైగా ఎర్రచందనం ప్రాంతం, రాత్రిపూట కొత్త జీపు కనబడితే ముందు డిక్కీ తెరవమంటారు. గండికోట దాకా తారు రోడ్డు ఉంది, అక్కడికి పోండి.

పెన్నా_ఇసుక (తాడిపత్రి)
డబ్బు కట్టేముందు ఒక పని చేద్దాం. షోరూమ్ టెస్ట్ డ్రైవ్ అంటే నున్నటి రోడ్డు మీదే తిప్పుతారు. వచ్చే ఆదివారం నా థార్ తీసుకుని మీ వంకకు వస్తా, మీరే తోలి చూడండి. అమ్మగారిని కూడా పిలవండి, వెనక సీటు ఎక్కగలదో లేదో అక్కడే తేలిపోతుంది. బేతంచెర్ల రాజన్నా, నువ్వు కూడా రాక్స్ తెస్తే రెండూ పక్కపక్కనే చూడొచ్చు.

నాపరాళ్ల_రాజా (బేతంచెర్ల)
వస్తా. లొకేషన్ పంపండి. మధ్యాహ్నం అన్నం మాత్రం తోటలోనే.

నల్లరేగడి (ఆలూరు)
వంకలో నీళ్లుంటే ట్రాక్టరున్నోణ్ని ఒకణ్ని అందుబాటులో పెట్టుకోండి. తాడు నేను తెస్తా.