తరగతి పత్రికకి టీచరు సంతకం ఉండాలా?

బడిపంతులు: మా ఎనిమిదో తరగతి పిల్లలు నెలకోసారి గోడపత్రిక పెడుతున్నారు. చార్టు, స్కెచ్ పెన్నులు, అంతే ఖర్చు. సూక్తులు, పొడుపుకథలు రాసినన్నాళ్లూ అందరూ మెచ్చుకున్నారు. ఈసారి మొదటి వార్త: "మధ్యాహ్నం తర్వాత ఆడపిల్లల బాత్రూముల్లో నీళ్లుండవు". హెచ్చెమ్ గారు తీయించేశారు. ఇకనుంచి నేను చదివి సంతకం పెడితేనే గోడెక్కాలట. మీరేమంటారు?

లెక్కల టీచర్: పెట్టండి మాస్టారూ, తప్పేముంది? రేపు ఎవడో ఫలానా అమ్మాయి ఫలానా అబ్బాయితో తిరుగుతోందని రాస్తే ఊరంతా మీ మీదకే వస్తుంది. అమెరికాలోనే 1988లో హేజల్‌వుడ్ కేసులో సుప్రీంకోర్టు బడి వైపు తీర్పిచ్చింది. ప్రిన్సిపాల్ పిల్లల పత్రికలో రెండు పేజీలు ఆపితే సరేనంది.

పాత విలేకరి: ఆ రెండు పేజీల్లో ఏముందో కూడా చెప్పండి సార్. గర్భం దాల్చిన విద్యార్థినులు, తల్లిదండ్రుల విడాకులు. పేర్లు మార్చినా ఆ గర్భిణులెవరో తెలిసిపోతుందని ప్రిన్సిపాల్ భయం. కుళాయిలో నీళ్లు రాలేదంటే ఎవరి గుట్టు బయటపడుతుంది? పైగా ఆ తీర్పు కూడా 5–3తో వచ్చింది, ఏకగ్రీవం కాదు.

నా అనుమానం వేరే. ఆ వార్త సరిగ్గా రాశారా? ఏ రోజుల్లో చూశారు, ఎన్ని కుళాయిలు, మోటారు ఎవరు వేస్తారు? హెచ్చెమ్ గారి వివరణ అడిగారా? పత్రికాఫీసు డెస్కులో మేం మొదట అడిగేవి ఇవే. ఆయన మాట కూడా అందులో ఉంటే చింపడానికి చెయ్యి అంత తేలిగ్గా రాదు. మాస్టారు అడగాల్సింది ఈ ప్రశ్నలు. సంతకం పెడితే మాత్రం అది మీ పత్రిక అవుతుంది, పిల్లలది కాదు.

ఏడో తరగతి అమ్మ: మీరంతా సంతకం దగ్గరే ఆగారు. మా బళ్లోనూ ఇలాంటిదే పెట్టారు. రాసేది ఎప్పుడూ ముందు బెంచీ పిల్లలే, మా వాడికి గీతలు కొట్టే పని. ఢిల్లీలో 2003 నుంచి వీధిపిల్లలు 'బాలక్‌నామా' అని పత్రిక నడుపుతున్నారు. రాయడం రానివాళ్లు నోటితో చెబితే, వచ్చినవాళ్లు రాసుకుంటారు. ఆ చెప్పేవాళ్లనీ విలేకరులనే అంటారు. దస్తూరి బాగోలేదని మనం పక్కన పెట్టేస్తున్నాం.

లెక్కల టీచర్: అమ్మా, ఇది బాగుంది. కానీ పదో తరగతికొచ్చాక ఇవన్నీ ఎవరు చేయిస్తారు? అప్పుడు స్టడీ అవర్లు తప్ప ఇంకేం ఉండవు.

పాత విలేకరి: అందుకే ఎనిమిదిలో మొదలుపెట్టాలి సార్.

బడిపంతులు: మా సంపాదకురాలికి ఈ ప్రశ్నలన్నీ చదివి వినిపించాను. రేపు ఇద్దరు హెచ్చెమ్ గారి దగ్గరికి వెళ్తున్నారు. ఒకడు రాయడు, అడుగుతాడంతే. రెండో అమ్మాయి రాసుకుంటుంది. సంతకం మాత్రం నేను పెట్టనని చెప్పేశాను. ఆయనకి కోపం వచ్చింది.

లెక్కల టీచర్: నా మాట మీద నేనున్నాను. కానీ మోటారు పాడైందని ఆయనంటే, ఎప్పటికి బాగుచేయిస్తారో తేదీ కూడా అడగమనండి.