అప్‌డేట్: కట్టేసిన బోటులో బ్యాటరీ దిగిపోవడం

ఒడిశాలోని చిలికా సరస్సులో రంభ జెట్టీ దగ్గర కట్టి ఉంచిన మా బోటుకి బ్యాటరీ ఊరికే ఎందుకు దిగిపోతోందని అడిగాను కదా, కారణం దొరికింది. మెయిన్ స్విచ్ ఆపినా, అడుగున చేరిన నీళ్లు తోడే పంపు నేరుగా బ్యాటరీకే కలిపి ఉంది. దాన్ని తీసేయలేం, వానాకాలంలో బోటు మునుగుతుంది. అందుకే మీరు చెప్పినట్టు కప్పు మీద 20 వాట్ల సోలార్ ప్యానెల్, మధ్యలో బ్యాటరీ మరీ ఎక్కువ ఛార్జ్ కాకుండా చూసే కంట్రోలర్ పెట్టించాం. బరంపురం నుంచి వచ్చిన మెకానిక్ టెర్మినళ్ల మీద పచ్చగా పేరుకున్న చిలుము గీకి వేజలీన్ రాశాడు. ఇప్పుడు పొద్దున్నే, ఎండ తగలకముందే మీటరు పెడితే 12.7 వోల్టులు చూపిస్తోంది. లెడ్ యాసిడ్ బ్యాటరీకి అది ఫుల్ కిందే లెక్క. ఒడ్డు నుంచి కరెంటు లాగమన్నారు కొందరు. ఉప్పు తడిలో రాత్రంతా వైరు వదిలేయడం నాకు టెన్షన్. ముసురు పట్టినప్పుడు ఈ ప్యానెల్ ఒక్కటే చాలదని మా బావ అప్పుడే రెండోదానికి బేరమాడుతున్నాడు.