ఒంటరి ప్రయాణానికి బండి వెనక సామాను: టాప్ బాక్స్ ఉంచాలా, తీసేయాలా?

ప్రశ్న

నా దగ్గర రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 మోటారు సైకిలు ఉంది. డిసెంబరులో ఒక్కడినే హైదరాబాద్ నుంచి విజయవాడ, విశాఖపట్నం మీదుగా అరకు వెళ్లి, లంబసింగి చూసుకుని, రాజమహేంద్రవరం, మారేడుమిల్లి, చింతూరు, భద్రాచలం దారిలో తిరిగి రావాలనుకుంటున్నాను. మొత్తం ఎనిమిది రోజులు. వెనక క్యారియర్ మీద 40 లీటర్ల టాప్ బాక్స్ బిగించి సామానంతా అందులోనే సర్దాను. పెట్టెతో కలిపి 17 కిలోలు తూగింది. పోయిన ఆదివారం శ్రీశైలం రోడ్డులో కొంత దూరం నడిపి చూశాను. గంటకు 85 కిలోమీటర్ల వేగం దాటగానే హ్యాండిల్ సన్నగా వణకడం మొదలైంది. లారీని దాటేటప్పుడు వణుకు ఇంకా పెరిగింది. భయమేసి వెనక్కి వచ్చేశాను. టెంటు కూడా తీసుకెళ్లాలని ఉంది, దాన్ని ఇంకా కట్టనే లేదు. ఈ పెట్టెతోనే సర్దుకోవచ్చా, లేక సైడ్ బ్యాగులు కొనాలా?

మొదటి జవాబు

వెనక్కి వచ్చేసి మంచి పని చేశారు. ముందుగా పెట్టె పూర్తిగా తీసేసి, అదే రోడ్డులో జాగ్రత్తగా వేగం పెంచుతూ నడిపి చూడండి. అప్పటికీ వణుకు ఉంటే తప్పు సామానుది కాదు. స్టీరింగ్ కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) వదులైందేమో, ముందు టైరు వంకరగా అరిగిందేమో, చక్రం ఊచలు సడలాయేమో మెకానిక్‌కు చూపించాలి. వణుకు పోతే కారణం పెట్టె బరువే. మీరు చెప్పినదాన్ని బట్టి నాకు రెండోదే నిజమనిపిస్తోంది.

ఎడ్లబండికి మూటలు ఎత్తడం మీరు చూసే ఉంటారు. బరువంతా ఇరుసుకు వెనక పడితే కాడి ఎద్దుల మెడ మీద ఆనకుండా పైకి లేస్తుంది. మోటారు సైకిలుకూ అదే లెక్క. మీ బండి రెండు ఇరుసుల మధ్య దూరం 1465 మిల్లీమీటర్లు. మీ పెట్టె వెనక ఇరుసుకు 30 సెంటీమీటర్లు వెనక కూర్చుందనుకుందాం. ఆ 17 కిలోల వల్ల ముందు చక్రం మీద సుమారు మూడున్నర కిలోలు తగ్గిపోతాయి, వెనక చక్రం మీద ఇరవై కిలోలకు పైగా పడుతుంది. అదే బరువును వెనక సీటు మీద, ఇరుసుకు 25 సెంటీమీటర్లు ముందుకు కడితే ముందు చక్రానికి దాదాపు మూడు కిలోలు కలుస్తాయి. పైగా మీ పెట్టె బాగా ఎత్తులో ఉండి గాలికి అడ్డంగా నిలబడుతోంది. లారీ పక్కకు వచ్చినప్పుడు వణుకు పెరిగింది అందుకే.

ఒంటరిగా వెళ్లేవారికి ఉన్న గొప్ప సౌకర్యం ఖాళీగా ఉన్న వెనక సీటు. అది ఒక మనిషి బరువు మోయడానికి చేసిన చోటు. చాలామంది దాన్ని వదిలేసి, వెనకకు పొడుచుకు వచ్చిన సన్నటి క్యారియర్ మీద బరువంతా వేలాడదీస్తారు. అలాంటి బండి కనిపిస్తే ఆపి చెప్పాలనిపిస్తుంది నాకు. క్యారియర్ మీద ఎన్ని కిలోలు పెట్టవచ్చో బండితో వచ్చిన పుస్తకంలో చూడండి. ఆ అంకె చూశాక 17 కిలోలు పెట్టే ధైర్యం ఉండదు.

ఈ ప్రయాణానికి పెట్టె ఇంట్లో పెట్టేయండి. ఊళ్లో హెల్మెట్ దాచుకోవడానికి అది చక్కటి వస్తువే, దూరాలకు మాత్రం ఖాళీ పెట్టె బరువే దండగ. మెత్తటి సైడ్ బ్యాగుల జత ఒకటి, సీటు మీద అడ్డంగా కట్టే టెయిల్ బ్యాగు ఒకటి ఉంటే చాలు. ట్యూబులు, పానాలు, పంక్చర్ కిట్, గాలి పంపు వంటి బరువులన్నీ సైడ్ బ్యాగుల్లో అడుగున, ముందు మూలకు. బట్టలు, పడక సామాను టెయిల్ బ్యాగులో. క్యారియర్ మీద టెంటు ఒక్కటి చాలు, అదీ తేలికైనదైతేనే. మీ చక్రాలకు ట్యూబులు ఉంటాయి కాబట్టి ముందుకు 21 అంగుళాలది, వెనకకు 17 అంగుళాలది విడిగా మోయాల్సిందే. ఆ రెండూ కలిస్తే మంచి బరువే ఉంటుంది.

సైడ్ బ్యాగులు కావడి లాంటివి. స్ప్రింగ్ త్రాసుకు తగిలించి తూచి, రెండూ కిలో తేడాలోపు ఉండేలా సర్దండి. తాగే నీళ్లు ఒకవైపే రెండు లీటర్లు పెట్టవద్దు. తాగుతున్న కొద్దీ కావడి ఒరిగిపోతుంది. మీ బండి సైలెన్సర్ కుడివైపు పైకి లేచి ఉంటుంది కదా, ఆ వైపు బ్యాగుకూ సైలెన్సర్‌కూ మధ్య కనీసం నాలుగు వేళ్ల సందు ఉండాలి, లేదా వేడి తగలకుండా రేకు ఉండాలి. మొదటి ప్రయాణంలోనే నా బ్యాగు అడుగు కరిగిపోయింది, అందులో ఉన్న వానకోటుతో సహా.

రెండో జవాబు

పై జవాబుతో ఏకీభవిస్తూ, కట్టే తాళ్ల గురించి చెబుతాను. రెండు చివర్లా కొక్కేలున్న సాగే బంగీ తాళ్లను దయచేసి వాడవద్దు. గతుకుల్లో సాగి కొక్కెం ఊడుతుంది. ఊడిన కొక్కెం చక్రంలోకో, గొలుసులోకో పోతే వెనక చక్రం బిగుసుకుపోతుంది. కట్టేటప్పుడు చేయి జారితే నేరుగా కంటికే తగులుతుంది. బకిలు ఉన్న వెడల్పాటి పట్టీలు నాలుగు కొనండి. రెండు బ్యాగును ముందుకు లాగాలి, రెండు వెనక్కి లాగాలి. అప్పుడే బ్రేకు వేసినా, ఘాట్‌లో ఎక్కినా బ్యాగు కదలదు. పట్టీలను ఇండికేటర్ కాడలకు, ప్లాస్టిక్ భాగాలకు తగిలించవద్దు. చట్రానికో, వెనక కూర్చునేవారు పట్టుకునే ఇనుప కడ్డీకో వేయండి. మిగిలిన కొసలను చుట్టి రబ్బరు బ్యాండుతో బిగించాలి. గాలికి కొట్టుకునే కొస మీరు చూడకుండానే గొలుసు వైపు వెళ్తుంది.

బయలుదేరిన 20, 30 కిలోమీటర్లకు ఒకసారి ఆగి పట్టీలు మళ్లీ లాగండి. సామాను కుదురుకున్నాక అన్నీ వదులవుతాయి. వెనక దీపం, నంబర్ ప్లేటు కనిపిస్తున్నాయో లేదో పది అడుగుల వెనక నిలబడి చూడండి. కుదిరితే ఎవరినైనా సీటు మీద బరువు వేసి నొక్కమని, బ్యాగు అడుగు చక్రానికి ఎంత దగ్గరగా వస్తుందో గమనించండి.

అడిగిన వ్యక్తి

పెట్టె తీసేసి నడిపాను. వంద వేగంలోనూ వణుకు లేదు. సైడ్ బ్యాగులు కొన్నాను. ఇప్పుడు వేరే ఇబ్బంది వచ్చింది. నా ఎత్తు అయిదు అడుగుల అయిదు అంగుళాలు. సీటు మీద బ్యాగు, దాని మీద టెంటు కడితే కాలు అటువైపుకు వేయలేకపోతున్నాను. నిన్న బండి పడబోయింది. టైర్లలో గాలి, షాక్ అబ్జార్బర్ సంగతి కూడా చెప్పగలరా?

మూడో జవాబు

నా ఎత్తు మీకన్నా రెండు అంగుళాలు తక్కువ. కాలును బ్యాగు మీదుగా వేయాలని ప్రయత్నించవద్దు. సైడ్ స్టాండు గట్టి నేల మీద ఉందని చూసుకుని, గేరులో ఉంచి, ముందు బ్రేకు పట్టుకుని, ఎడమ కాలు ఫుట్‌రెస్ట్ మీద పెట్టి నిలబడండి. కుడి మోకాలు మడిచి, సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య నుంచి అటు దాటించండి. ఇంట్లో ఖాళీ బండి మీద ఇరవై సార్లు సాధన చేస్తే అలవాటవుతుంది. టెంటును బ్యాగు మీద ఎక్కించకుండా వెనక క్యారియర్ మీదకు దించండి. బ్యాగును మీ నడుముకు ఆనించి కట్టవద్దు, అరచేయి పట్టేంత సందు వదలండి. ఘాట్ మలుపుల్లో కొద్దిగా వెనక్కి జరగాల్సి వస్తుంది.

గాలి విషయంలో బండి పుస్తకంలో ఒక్కరికి ఒక అంకె, ఇద్దరికి ఒక అంకె ఉంటాయి. 15 కిలోల సామాను ఉంటే నేను వెనక టైరుకు ఇద్దరి అంకెకు దగ్గరగా నింపుతాను, ఉదయం టైరు చల్లగా ఉన్నప్పుడే. వెనక స్ప్రింగు ప్రీలోడ్‌ను, అంటే స్ప్రింగును ముందే నొక్కి ఉంచే బిగువును, ఒకటి రెండు మెట్లు బిగించండి. సరిపోయిందో లేదో కొలవవచ్చు. బండిని పైకి ఎత్తి చక్రం పూర్తిగా వేలాడినప్పుడు ఇరుసు నుంచి సీటు అంచు దాకా కొలవండి. తర్వాత సామానుతో మీరు కూర్చుని కొలిపించండి. మీ బండి వెనక చక్రం కిందికీ పైకీ కదలడానికి 180 మిల్లీమీటర్ల ఆట ఉంది. తేడా 55 నుంచి 60 మధ్య ఉంటే చాలు. అంతకన్నా ఎక్కువ కుంగితే ఇంకో మెట్టు బిగించండి. వెనక కుంగిన బండి హెడ్‌లైటు ఎదుటివారి కళ్లలో పడుతుంది, మన రోడ్డు మనకే కనిపించదు. మారేడుమిల్లి అడవి దారిలో సాయంత్రం తొందరగా చీకటి పడుతుంది కాబట్టి దీన్ని తేలికగా తీసుకోవద్దు.

ఒంటరిగా వెళ్తున్నారు కనుక ఇంకొకటి. బండి పడితే ఎత్తడానికి రెండో మనిషి ఉండరు. కంగారుపడి సామానుతో సహా ఎత్తబోయి నడుము పట్టేసుకున్నవారు నాకు తెలుసు. ఇంజను ఆపండి, బ్యాగులు విప్పండి, తర్వాత ఎత్తండి. పట్టీలు రెండు నిమిషాల్లో ఊడేలా ఉండాలనేది ఇందుకే. బండి కాగితాలు, మందులు, కొంత డబ్బు, ఫోను బ్యాగులో పెట్టకుండా ఒంటి మీదే ఉంచుకోండి. బొర్రా గుహల దగ్గర కోతులు తిండి వాసనకు జిప్పులు లాగుతాయి. పల్లీలు, అరటిపండ్లు పై జేబులో పెట్టవద్దు.

అడిగిన వ్యక్తి

అక్కా, మీరు చెప్పిన పద్ధతిలో కాలు వేయడం రెండు రోజుల్లో వచ్చేసింది. నిన్న వికారాబాద్ అనంతగిరి దాకా పూర్తి సామానుతో వెళ్లి వచ్చాను. ఎడమ బ్యాగు 5 కిలోల 200 గ్రాములు, కుడిది 5 కిలోల 600, టెయిల్ బ్యాగు 4 కిలోలు, క్యారియర్ మీద టెంటు రెండు కిలోలు. పానాలతో సహా అన్నీ మళ్లీ తూచి చూశాక నేను తీసేసిన వస్తువులే మూడు కిలోలకు పైగా ఉన్నాయి. గంటకు 90 వేగంలో లారీని దాటినా హ్యాండిల్ నిలకడగా ఉంది. వెనక స్ప్రింగు 70 మిల్లీమీటర్లు కుంగుతుంటే రెండు మెట్లు బిగించాను, ఇప్పుడు 58కి వచ్చింది. ఒక్క సందేహం మిగిలింది. బ్యాగుతో వచ్చిన వాన తొడుగు గాలికి బుడగలా ఉబ్బి టపటపా కొట్టుకుంటోంది. డిసెంబరులో కోస్తాలో తుపాను వానలు పడితే అది ఆగుతుందా?

మొదటి జవాబు ఇచ్చిన వ్యక్తి

ఆగదు. దాన్ని ఇంట్లో వదిలేయండి. బ్యాగు లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి పెట్టి, బట్టలన్నీ అందులో వేసి, గాలి తీసి, మూతిని మూడు మడతలు పెట్టి కట్టండి. బయట బ్యాగు తడిసినా బట్టలు తడవవు. వానకోటు మాత్రం ఆ సంచిలో వేయవద్దు, పై పట్టీ కింద చేతికి అందేలా ఉండాలి. మరొక మాట, తడిసిన బ్యాగు బరువు పెరుగుతుంది, పట్టీలు సాగుతాయి. వాన వెలిశాక మొదటి టీ దగ్గర ఆగినప్పుడు మళ్లీ లాగి చూసుకోండి.